సగం ధరకే ప్రీమియం గోల్ఫ్ బంతులు అంటే నమ్మకండి, పేజీ చివరిదాకా చదవండి

విషయం ముందే చెప్పేస్తాను. ‘లైక్ న్యూ’, ‘మింట్’ (కొత్తదానిలాగే ఉందని) అంటూ ఆన్‌లైన్‌లో సగం ధరకో పావు ధరకో అమ్మే టైటిలిస్ట్ ప్రో వీ1 లాంటి ఖరీదైన గోల్ఫ్ బంతులు కొనేముందు, ఆ పేజీలో అన్నిటికంటే కింద ఏం రాశారో చూడండి. అక్కడ ‘రీఫినిష్డ్’ అనో ‘రీఫర్బిష్డ్’ అనో, అంటే పాత బంతికి మళ్లీ రంగు వేశామని, ఉంటే వదిలేయండి. నేను చూడలేదు. 48 బంతులకు 72 డాలర్లు కట్టాను. డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. వాటిలో రెండు డజన్లు హైదరాబాద్‌లో మా బావగారికి ప్రేమగా తీసుకెళ్లి ఇచ్చాను, అదీ నా బాధ.

టెక్సస్‌లో మా ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్లు చాలామంది ఈమధ్య గోల్ఫ్ మొదలుపెట్టారు. 2022లో గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోకి వచ్చాక మా ఆఫీసులో కూడా ఆ మాటలు ఎక్కువయ్యాయి. నేను ఆడటం మొదలుపెట్టి మూడేళ్లయింది. బాగా ఆడిన రోజు పద్దెనిమిది హోల్స్ రౌండు 95 దెబ్బల్లో ముగిస్తాను, లేనిరోజు 104 (ఎంత తక్కువైతే అంత గొప్ప). రౌండుకు నాలుగైదు బంతులు చెరువులోనో చెట్లలోనో పోతాయి. నాలాంటివాళ్లే ఎక్కువమంది ఉంటారు కాబట్టి నా లెక్క నాలాంటివాళ్లకే చెబుతున్నాను.

మాతో ఆడే ఒకాయన ‘ఆట బాగుపడాలంటే ముందు బంతి మార్చు’ అన్నాడు. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. అప్పుడు కొత్త ప్రో వీ1 డజను 55 డాలర్లు. అంటే బంతికి నాలుగున్నర పైనే. చెరువులో పడేసే వస్తువుకి అంత పెట్టడానికి మనసొప్పలేదు. వెతికితే ఒకచోట అదే బంతి ఒక్కోటి డాలరున్నరకే కనిపించింది. ఫొటోలో ధగధగా మెరుస్తోంది, పైన ‘మింట్’ అని పెద్ద అక్షరాలు. ఆర్డర్ పెట్టేశాను. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయను. ఇలా అమ్మేవాళ్లు ఒక్కరే కాదు, పేరు చెబితే మిగతావాళ్ల దగ్గర కొంటే ఫరవాలేదని అనుకుంటారు.

వలసంచిలో వచ్చాయి. చూడటానికి నిజంగా కొత్తవాటిలాగే ఉన్నాయి, కొత్తవాటికంటే ఎక్కువే మెరుస్తున్నాయి. అప్పుడే అనుమానం రావాల్సింది. మరుసటి వారమే హైదరాబాద్ ప్రయాణం. మా బావగారు బ్యాంకులో రిటైరయ్యాక గోల్ఫ్ పట్టుకున్నారు. గోల్కొండ నయా ఖిలా దగ్గర కోర్సులో శనివారం శనివారం ఆయన బృందం ఆడుతుంది. అక్కడ దిగుమతి బంతుల ధర ఎక్కువ కాబట్టి, ఎవరు అమెరికా నుంచి వస్తున్నా ‘రెండు డజన్లు పట్టుకురాగలవా’ అని అడుగుతారు. నేను సగం సంచి ఆయనకే ఇచ్చాను. చాలా సంతోషపడ్డారు. డబ్బు ఇస్తానంటే వద్దన్నాను.

తిరిగొచ్చిన పది రోజులకు ఫోన్ చేశారు. అమ్మ ఆరోగ్యం, పిల్లల చదువులు అన్నీ అయ్యాక మెల్లగా అన్నారు: ‘ఏమయ్యా, ఏమీ అనుకోకు. ఆ బంతులు ఎక్కడ కొన్నావు? గోరుతో గీకితే పెచ్చులు లేస్తున్నాయి.’ రెండో హోల్‌లో వెడ్జ్‌తో (దగ్గరి దెబ్బలకు వాడే గోల్ఫ్ కర్రతో) కొట్టాక ఆయన పార్ట్‌నర్ బంతి చేతిలోకి తీసుకుని చూసి, ఇది అసలుది కాదేమో అన్నాడట. నలుగురి ముందు. ఆయన ఆ మాట పది రోజులు కడుపులో పెట్టుకున్నారు, నేను నొచ్చుకుంటానని.

ఆ రాత్రి గరాజ్‌లోకి వెళ్లి నా వాటా 24 బంతులూ టేబుల్ మీద పోశాను. అప్పటికే నాలుగింటితో ఆడి ఉన్నాను. అందులో ఒకదాని మీద వెడ్జ్ తగిలినచోట నెలవంక ఆకారంలో పెయింట్ ఊడింది. లోపల తెలుపు లేదు, టీ మరక పడ్డ కప్పు రంగు. బొటనవేలి గోరు ఆ అంచు కింద పెట్టి లాగితే పొర పొరగా వచ్చింది, ఉడికిన గుడ్డు పెంకు కింద పల్చటి పొర వచ్చినట్టు. ఆ పొర కింద ఆకుపచ్చ రంగులో ఏదో కంపెనీ లోగో తాలూకు సగం అక్షరం. ఎవరో ఎప్పుడో ఆఫీసు టోర్నమెంటులో పంచిన బంతి అది. దానికి పైన తెల్లరంగు వేసి, మళ్లీ కొత్తగా ముద్ర కొట్టారు.

తర్వాత మిగతావి లైటు కింద తిప్పి తిప్పి చూశాను. కొన్నింటి మీద గుంటలు, అదే డింపుల్స్, పెయింటుతో పూడుకుపోయి అంచులు మెత్తబడ్డాయి. బంతి గాల్లో నిలబడేదే ఆ గుంటల వల్ల. వాటి లోతు, అంచు కొద్దిగా మారినా బంతి ఎగిరే తీరు మారుతుంది. రెండింటి మీద పక్క బాణం ముద్ర వంకరగా పడింది. ఒకదాని మీద వేలితో తడిమితే చిన్న గీత తగిలింది. పాత కోతని రంగుతో కప్పేశారు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, లేకపోతే నిజాయితీగా వ్యాపారం చేసుకునేవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది. చెరువుల్లోంచి డైవర్లు తీసిన బంతుల్ని శుభ్రంగా కడిగి, గీతలను బట్టి గ్రేడ్లు వేసి అమ్మేవాళ్లున్నారు. అవి వాడిన బంతులు. రంగు పోయి ఉంటే పోయినట్టే కనిపిస్తాయి, ఎవరి లోగో ఉంటే అదే ఉంటుంది. కొనేవాడికి తను ఏం కొంటున్నాడో తెలుస్తుంది. రీఫినిష్డ్ కథ వేరు. బాగా పాడైనవాటి పై పూత తీసేసి, కొత్తగా రంగు వేసి, పేరు మళ్లీ ముద్రిస్తారు. నీళ్లలో ఎన్ని నెలలు నానిందో, లోపలి రబ్బరు ఎలా ఉందో, ఎన్ని దెబ్బలు తిందో ఆ రంగు కింద ఏదీ కనిపించదు. ఒకే సంచిలో ఒక బంతి మామూలుగా వెళుతుంది, ఇంకొకటి పదిహేను గజాలు ముందే పడిపోతుంది. తప్పు నీ స్వింగుదో బంతిదో ఎప్పటికీ తెలియదు. నాకు అన్నిటికంటే ఇదే పెద్ద నష్టం అనిపించింది.

ఇది చట్టవిరుద్ధం కాదా అని మీరు అడగొచ్చు. నేనూ అదే అనుకున్నాను. టైటిలిస్ట్ బంతుల్ని తయారుచేసే ఆకుష్నెట్ కంపెనీ ఇలా రంగువేసి అమ్మే ఒక సంస్థతో అమెరికాలో కోర్టులో పోరాడింది. కేసు తేలేలోపు ఆ అమ్మకాలు ఆపించమని అడిగింది. 2003లో ఫెడరల్ అప్పీల్ కోర్టు దానికి ఒప్పుకోలేదు. ‘రీఫర్బిష్డ్’ అని బంతి మీదా పెట్టె మీదా రాసి ఉండటం అందులో ముఖ్యమైన విషయమైంది. అందుకే ఆ ఒక్క మాట ఎక్కడుందో వెతుక్కోవాల్సింది మనమే. నేను కొన్న పేజీలో అది ఉంది. రిటర్న్ పాలసీ, షిప్పింగ్ అన్నీ అయిపోయాక, బూడిద రంగు అక్షరాల్లో. ఫోన్‌లో చూస్తే ‘ఇంకా చదవండి’ నొక్కితే తప్ప కనపడదు.

క్లబ్ పోటీల్లో ఆడేవాళ్లు ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. గోల్ఫ్ నియమాల్లో బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆర్&ఏ, యూఎస్‌జీఏ అనే గోల్ఫ్ నియమాలు చేసే సంస్థలు ఆమోదించిన బంతుల జాబితా ఉంటుంది. ఆ జాబితాలోకి వెళ్లింది ఫ్యాక్టరీలోంచి వచ్చిన బంతి. ఎవరో షెడ్డులో పూత గీకి, రంగు పూసి, ముద్ర కొట్టినదాన్ని పట్టుకుని పోటీకి వెళ్లి వాదన పెట్టుకోవడం ఎందుకు?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ మోజు లేకపోతే నేను ఆ సంచి కొనేవాడినే కాదు. మనలాంటివాళ్లకు ఆ ఖరీదైన బంతి అసలు అవసరమా?

మా పక్కింటి పిల్లాడు అడిగితే చెప్పినట్టు చెబుతాను. చవక బంతిలో సాధారణంగా రెండు భాగాలే. లోపల రబ్బరు, పైన సర్లిన్ లాంటి గట్టి ప్లాస్టిక్ పూత. ఖరీదైనదానిలో మూడో నాలుగో పొరలు, పైన మెత్తటి యూరెథేన్. 2000లో ప్రో వీ1 వచ్చేవరకు టూర్ ఆటగాళ్లలో, అంటే వృత్తిగా ఆడేవాళ్లలో, చాలామంది రబ్బరు దారం చుట్టిన బంతులే వాడేవారు. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో అవి దాదాపు మాయమయ్యాయి. అంత మంచి బంతి అది, అందులో సందేహం లేదు. కానీ దాని గొప్పతనం ఎక్కడ కనిపిస్తుంది? గ్రీన్‌కి (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డికి) 40, 60 గజాల దూరంలో వెడ్జ్‌తో బంతిని శుభ్రంగా కొట్టినప్పుడు. మెత్తటి యూరెథేన్ క్లబ్ (గోల్ఫ్ కర్ర) ముఖం మీది గాడుల్ని పట్టుకుంటుంది, బంతి తిరుగుతూ వెళ్లి గ్రీన్ మీద ఆగుతుంది. గట్టి పూత జారుతుంది, బంతి పడ్డాక ఇంకొంచెం దొర్లుతుంది.

డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పెద్ద కర్రతో, కొట్టినప్పుడు మాత్రం మన వేగానికి రెండింటికీ దూరంలో పెద్ద తేడా ఉండదు. బంతి కుడివైపుకి స్లైస్ అయితే ఖరీదైనది కూడా కుడివైపుకే పోతుంది.

నేను రెండు వారాలు సాయంత్రాలు తొమ్మిదేసి హోల్స్ ఆడి చూశాను. ఒక కొత్త ప్రో వీ1 స్లీవ్, అంటే మూడు బంతులు, షాపులో కొన్నాను. డజను 25 డాలర్ల టూ-పీస్ బంతులు కొన్ని, కాస్ట్‌కో స్టోర్లలో దొరికే వాళ్ల సొంత బ్రాండు కర్క్‌లాండ్ త్రీ-పీస్ బంతులు కొన్ని. టీ దగ్గర, అంటే హోల్ మొదట్లో కొట్టేచోట, నాకు తేడా తెలియలేదు. గ్రీన్ మీద బంతిని దొర్లించే పుటింగ్‌లో చప్పుడు వేరు, అంతే. గ్రీన్ పక్కన చిన్న దెబ్బతో చిప్ చేసినప్పుడు మాత్రం తేడా నిజంగా ఉంది. శుభ్రంగా తగిలినప్పుడు యూరెథేన్ బంతులు రెండూ తొందరగా ఆగాయి. అయితే శుభ్రంగా తగిలింది పదింట్లో మూడుసార్లే. మిగతా ఏడుసార్లు క్లబ్ ముందు నేలని తాకింది, లేదా బంతి నెత్తిన తగిలింది, లేదా మధ్యలో బెర్ముడా గడ్డి ఇరుక్కుంది. అలాంటప్పుడు ఏ పూతైనా ఒకటే.

రౌండుకి ఐదు బంతులు పోతే, ప్రో వీ1 అయితే 23 డాలర్లు పోయినట్టు. ఏడాదికి ఇరవై రౌండ్లకు 460. ఆ డబ్బుతో కోచ్ దగ్గర నాలుగు క్లాసులు తీసుకోవచ్చు. నేను తీసుకున్నాను కూడా, చిప్పింగ్‌కే. పదింట్లో మూడు కాస్తా ఇప్పుడు ఐదైంది.

యూరెథేన్ కావాలని మనసుంటే దానికీ దారి ఉంది. కర్క్‌లాండ్ 24 బంతుల పెట్టె నాకు 35 డాలర్లకు వచ్చింది. బంతికి డాలరున్నర కంటే తక్కువ. నేను ఆ రంగేసినవాటికి ఇచ్చిన ధరే కదా అది! అదే ధరకి సీలు విప్పని కొత్త బంతి, అదీ యూరెథేన్ పూతతో. 2016లో కర్క్‌లాండ్ బంతులు మొదట వచ్చినప్పుడు జనం ఎగబడి కొన్నారు, స్టాకు అయిపోయింది. ఆ తర్వాత ఆకుష్నెట్‌కీ కాస్ట్‌కోకీ మధ్య కోర్టు గొడవ కూడా నడిచి 2018లో రాజీ అయ్యింది. అది ప్రో వీ1కి సమానమని నేను అనను. 95 కొట్టేవాడికి ఆ తేడా స్కోర్‌కార్డులో కనపడదు, అంతే అంటాను. 80 లోపు కొట్టేవాళ్లు, ఒకే బంతితో పద్దెనిమిది హోల్స్ ముగించేవాళ్లు నచ్చింది కొనుక్కోండి, ఆ డబ్బుకు విలువ మీకు దక్కుతుంది.

ఇండియాకి తీసుకెళ్లేవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతున్నాను. పెట్టె సీలుతో ఉన్న కొత్తవే తీసుకెళ్లండి. రెండు డజన్లు కాకపోతే ఒక్క డజనే తీసుకెళ్లండి. వాడినవి ఇవ్వాల్సి వస్తే వాడినవని చెప్పి ఇవ్వండి. అక్కడివాళ్లు మనం తెచ్చిందంటే అసలుదనే నమ్ముతారు. వాళ్లు ముందే గోరుతో గీకి చూడరు.

ఒకవేళ ఇప్పటికే కొని ఉంటే, ఆడకముందే చూడండి. నీడలో కాదు, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుని డింపుల్స్ అంచులు చూడండి. ఒకే మోడల్‌వి పది పక్కపక్కన పెడితే తెలుపులో తేడా తెలుస్తుంది. ముద్ర మీద గోటితో గట్టిగా రుద్దండి. పెయింట్ లేస్తే ఫొటోలు తీసుకుని వెంటనే రిటర్న్ అడగండి. నేను నాలుగు వారాలు ఆలస్యం చేశాను. అమ్మినవాళ్లు పేజీ చివర రాసిన మాట చూపించారు. పంపే ఖర్చు నాదే, పైగా పదిహేను శాతం కోత అన్నారు. క్రెడిట్ కార్డు వాళ్లకు ‘మింట్’ అన్న హెడ్డింగు, ఊడిన పెచ్చులు రెండూ ఫొటోలు తీసి పంపాను. 36 డాలర్లు వెనక్కొచ్చాయి.

బావగారికి ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పాను. ‘పోనీలేవయ్యా, తెలిసి చేశావా ఏంటి’ అన్నారు. పోయిన నెల మా ఫ్రెండ్ వాళ్ల అమ్మగారు హైదరాబాద్ వెళుతుంటే సీలు విప్పని రెండు డజన్లు ఆమె సూట్‌కేసులో పెట్టించాను. నా దగ్గర మిగిలిన బంతుల మీద నల్ల మార్కర్‌తో పెద్ద అడ్డగీత గీసి, వెనక పెరట్లో నెట్ దగ్గర బకెట్‌లో పడేశాను. మా అబ్బాయి వాటితోనే స్వింగ్ నేర్చుకుంటున్నాడు.