రెండు చేతులకూ విడివిడిగా టేపు పెట్టిన టైలరమ్మ

విజయవాడ సత్యనారాయణపురంలో ఓ సందులో, మేడ మీద గదిలో కుడుతుంది ఈవిడ. బోర్డు లేదు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, కర్టెన్ వెనక కొలతలకి కాస్త చోటు. మా అమ్మ జాకెట్ల కోసం వెళ్లాను. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అమ్మకి ఎడమ రొమ్ము తీసేశారు. చంకలో లింఫ్ నోడ్స్ అనే చిన్న గ్రంథులు కూడా తీశారు. అవి తీశాక ఆ చేతిలో నీరు సరిగ్గా దిగక కొందరికి వాపు వస్తుంది. లింఫెడీమా అంటారు. అమ్మకి వచ్చింది. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, సూది గుచ్చనివ్వొద్దు, బిగుతు గాజులు, బిగుతు చేతుల జాకెట్లు వద్దు అని ఆస్పత్రిలో చెప్పి పంపారు. పగలంతా వేసుకోమని సాగే తొడుగు ఒకటి రాసిచ్చారు. అదీ బిగుతే కదా అంటారు చాలామంది. ఆ తొడుగు చెయ్యి పొడుగునా ఒక లెక్క ప్రకారం నొక్కుతుంది. జాకెట్టు అంచు ఒక్కచోటే పట్టేసి, దాని కింద వాపు పెంచుతుంది.

ఇంత చిన్న సంగతి టైలర్లకి వినిపించడం మావల్ల కాలేదు. "ఆది జాకెట్టు ఇచ్చి వెళ్లండమ్మా, మేం చూసుకుంటాం." ఆది జాకెట్టు ఆపరేషన్‌కి ముందుది. ఇప్పుడు ఆ ఒళ్లు లేదు. ఆ మాట పూర్తయ్యేలోపే రసీదు చింపి చేతిలో పెట్టేవారు. ఒకాయన రెండు చేతులూ ఒకేలా వదులు చేసి కుట్టాడు, కుడి భుజం జారిపోయేది. అడిగితే, "ఒకటి లావు, ఒకటి సన్నం కుడితే చూడ్డానికి బాగోదమ్మా" అన్నాడు. ఇంకొకావిడ అమ్మ చెబుతుండగానే "అయ్యో, మా ఆడపడుచుకీ ఇదే ఆపరేషన్" అంటూ ఆ కథంతా ఎత్తుకుంది. జాలి నిజమైనదే. కానీ ఆ జాకెట్టుకి హుక్స్ వీపు వైపు పెట్టింది. ఎడమ చెయ్యి వెనక్కి తిరగదని అమ్మ చెప్పింది, ఆవిడ చెవికి ఎక్కలేదు.

తర్వాత అమ్మ చెప్పడం మానేసింది. "ఏదో ఒకటి కుట్టనీ" అనేది. ఇంట్లో నైటీ, గడప దాటాలంటే భుజాల చుట్టూ పమిట. పెళ్లిళ్లకి వెళ్లడమే మానుకుంది. పెద్దావిడ బిడియం చంపుకుని తన ఒంటి సంగతి పరాయివాళ్లకి చెబుతుంటే, టేపు చుట్టుకుంటూ "సరే సరే" అనడం నేను ఓర్చుకోలేకపోయాను. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సొస్తే ఎవరైనా నోరు మూసుకుంటారు.

ఈవిడ మిషన్ ఆపింది. నన్ను కాదు, అమ్మనే అడిగింది. "పిన్నిగారూ, వాపు ఏ పూట ఎక్కువ?" సాయంత్రానికి పెరుగుతుందని అమ్మ చెప్పింది. "అయితే ఇప్పుడు కొలవను. సాయంత్రం ఆ తొడుగు వేసుకుని రండి" అంది. వెళ్లాం. చేతులు రెండూ విడివిడిగా కొలిచింది. ఎడమ చేతికి చంక దగ్గర, నడిమధ్య, మోచేతి పైన, మూడుచోట్ల టేపు పెట్టింది. ప్రతి కొలతా పైకి చదివి, అమ్మ ఊఁ అన్నాకే పుస్తకంలో రాసింది. కుట్టు ఎక్కడ తగిలితే మంటో చూపించమంది. అమ్మ వేలితో చూపించింది. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు, అయ్యో అనలేదు.

ఇక జాకెట్టు. మంగళగిరి కాటన్, లోపల మెత్తటి మల్లు లైనింగ్. ఉతికితే ముడుచుకుంటుందని లైనింగ్ ముందే తడిపి ఆరేసిందట. హుక్స్ ముందు వైపు. ఎడమ వైపు లోపల ఓ జేబు కుట్టి, దాని నోరు పక్కకి పెట్టింది, తీసేసిన రొమ్ము చోట పెట్టుకునే దూదిమెత్త తీసి ఉతుక్కోవడానికి. మచ్చ మీదకి ఒక్క కుట్టూ రాకుండా అంచులన్నీ గుడ్డకీ లైనింగ్‌కీ మధ్యకి మడిచేసింది. ఎడమ చేతికి లోపల రెండు వరసల కుట్లు, వాపు పెరిగితే ఒక వరస విప్పుకోవచ్చు. చేతులకి రెండువైపులా ఒకే వెడల్పు అంచు రావడంతో తేడా పట్టి చూస్తే తప్ప తెలియదు. అమ్మ అద్దంలో చూసుకుని, ఎడమ చెయ్యి పైకెత్తి దించి, "దీన్లాంటివే ఇంకో రెండు కుట్టు అమ్మాయ్" అంది.

ఈవిడ దాకా రాలేని ఊళ్లవాళ్లకి ఒక మాట. ఆది జాకెట్టు సంచిలోంచి తీయకండి. అది చేతికందితే చాలామంది ఇక చెవి ఇవ్వరు. ముందు ఒంటి సంగతి చెప్పండి, గుడ్డ తర్వాత చూపించండి. "నేనేం చెప్పానో ఒకసారి చెప్పండి" అని అడగండి. అడిగించుకోవడం నామోషీగా భావించే టైలర్ దగ్గర గుడ్డ వదలకండి. మాట్లాడాల్సింది వేసుకునే మనిషే. పక్కన కూతురు గబగబా చెప్పేస్తే టైలర్ కూతురి వైపే చూస్తారు.

లోపాలూ ఉన్నాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్లకి కష్టం. ఫోన్ సరిగ్గా ఎత్తదు. మగ్గం వర్క్ చెయ్యదు. చెప్పిన రోజుకి ఇవ్వదు, మాకు వారం ఆలస్యమైంది. శ్రావణమాసంలో, పెళ్లిళ్ల రోజుల్లో ఇలాంటివి ఒప్పుకోదు, హడావుడిలో కొలత తప్పుతుందంటుంది. ఆ ఆలస్యం నాకు సమ్మతమే. లైనింగ్ జాకెట్టుకి 450 రూపాయలు, జేబుకి 100 అదనం. దూదిమెత్తకి డబ్బులు తీసుకోలేదు.

వెళ్లేవాళ్లు సాయంత్రం ఐదు దాటాక, తొడుగు వాడుతుంటే అది వేసుకునే వెళ్లండి. పొద్దున వెళ్తే మళ్లీ రమ్మంటుంది.