డెస్క్‌టాప్ జారుడుకు వేగం పెంచుకున్నాక: ఏడాదిన్నర వాడకం

లినక్స్ కంప్యూటర్లలో తెర, మెనూలు, విండోలు అన్నీ చూసుకునే డెస్క్‌టాప్ ఏర్పాటు కేడీఈ ప్లాస్మా. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక చిన్న స్లైడర్. సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్క్‌స్పేస్ బిహేవియర్, అందులో జనరల్ బిహేవియర్, అక్కడ యానిమేషన్ స్పీడ్. ఒక కొసన నిదానం, ఇంకో కొసన ఇన్‌స్టంట్. ఏడాదిన్నర క్రితం దాన్ని ఇన్‌స్టంట్ కొసకు జరిపిన రోజు సాయంత్రం, పని ముగించి లేచేసరికి నా కళ్ళు బరువుగా లేవు. ఆ సాయంత్రం ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఇది కుబుంటు (ప్లాస్మాతో వచ్చే ఉబుంటు లినక్స్) మొత్తం మీద సమీక్ష కాదు. బ్యాటరీ, బూట్ అయ్యే సమయం, సాఫ్ట్‌వేర్ స్టోరు గురించి చాలామంది రాశారు. ఒకే తెరను కొన్ని విడి తెరలుగా, అంటే వర్చువల్ డెస్క్‌టాప్‌లుగా పంచుకోవచ్చు. అలాంటి ఒక డెస్క్‌టాప్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు తెర పక్కకు జారే ఆ క్షణం గురించే నేను చెప్పేది.

నేను కన్నడం నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. మా ఊరు హిందూపురం, ఉండేది బెంగళూరు బీటీఎం లేఔట్‌లో. చేతిలో ఉన్నది 13 అంగుళాల లాప్‌టాప్. దాంట్లో రెండు విండోలు పక్కపక్కన పెడితే అక్షరాలు సన్నబడిపోతాయి. కన్నడంలోనూ తెలుగులోనూ ఒత్తులు అక్షరం కింద ఉంటాయి కాబట్టి, అక్షరం పెద్దగా లేకపోతే ఆరేడు గంటలు చదవడం నా వల్ల కాదు. అందుకని మొదటి డెస్క్‌టాప్‌లో కన్నడ మూలం, రెండోదాంట్లో నా తెలుగు, మూడోదాంట్లో ఫైర్‌ఫాక్స్‌లో నిఘంటువులు, నాలుగోదాంట్లో మెయిలు, వాట్సాప్ పెట్టుకుంటాను.

ఇంగ్లీషు నుంచి చేసేవాళ్ళు వాక్యం చివరిదాకా చదివి, మనసులో తిరగేసుకుని, అప్పుడు రాస్తారు. కన్నడం నుంచి చేసేటప్పుడు అంత ఆగనక్కర్లేదు. వాక్యం నడక మనదే, క్రియ చివరికే వస్తుంది. ఒక ముక్క చదవడం, అటు వెళ్ళి రాయడం, మళ్ళీ ఇటు రావడం. అంటే మారడం కూడా ఎక్కువే. ఒకరోజు పట్టుబట్టి కాగితం మీద గీతలు పెట్టుకుంటే గంటలో 140 సార్లు తేలింది. అప్పుడు వాడుతున్నది ఉబుంటు 22.04, అందులో ప్లాస్మాలాంటిదే ఇంకో ఏర్పాటు, గ్నోమ్ 42. గ్నోమ్‌లో ఈ జారుడుకు పెట్టిన సమయం 250 మిల్లీసెకన్లు, అంటే పావు సెకను. గంటకు 35 సెకన్లు. రోజంతా కలిపినా మూడున్నర నాలుగు నిమిషాలు దాటదు. దీనికోసం ఇంత గొడవ ఎందుకని మా బావ అడిగాడు.

గొడవ ఆ నాలుగు నిమిషాలకు కాదు. తెర జారుతుంటే కన్ను దానితోపాటే పోతుంది. వద్దనుకున్నా పోతుంది, కదిలేదాన్ని చూడటమే కంటికి అలవాటు. తెర ఆగాక, నేను రాస్తున్న వరుస ఎక్కడుందో మళ్ళీ వెతకాలి. ఈలోగా నాలుక చివర నిలబెట్టుకున్న మాట జారిపోతుంది. కన్నడంలో చదివిన ముక్కకు తెలుగు మాట తట్టి, దాన్ని పట్టుకుని రెండో డెస్క్‌టాప్‌కి పరుగెత్తితే, అక్కడికి చేరేసరికి ఆ మాట ఉండదు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ జారుడు. ఇది రోజుకు ఇరవై ముప్పైసార్లు జరిగేది. నా జ్ఞాపకశక్తి తగ్గిపోతోందేమోనని కొన్నాళ్ళు నిజంగా టెన్షన్ పడ్డాను.

గ్నోమ్‌లో యానిమేషన్లను ఉంచడమో తీసేయడమో తప్ప, వేగం పెంచుకునే సెట్టింగ్ లేదు. దానికోసం ఒక ఎక్స్‌టెన్షన్ (బయటివాళ్ళు రాసిచ్చే చిన్న అదనపు ప్రోగ్రామ్) వేసుకున్నాను, బాగానే పనిచేసింది. 2024లో ఉబుంటు 24.04కి మారగానే ఆగిపోయింది. 22.04 నుంచి 24.04కి వెళితే గ్నోమ్ 42 నుంచి 46కి దూకినట్టు. మధ్యలో 2023 సెప్టెంబర్‌లో వచ్చిన గ్నోమ్ 45, ఎక్స్‌టెన్షన్లు కోడ్‌ను తెచ్చుకునే పద్ధతినే మార్చింది. పాత ఎక్స్‌టెన్షన్లు ఏవీ తిరగరాయకుండా అందులో నడవవు. రాసేవాళ్ళు జీతం లేకుండా, తీరిక ఉన్నప్పుడు చేసే పని అది. వాళ్ళను తొందరపెట్టే హక్కు నాకు లేదు. కానీ నాకు ఆ వారమే ఒక పుస్తకం ఇవ్వాలి. అలా కుబుంటు 24.04కి, అందులోని ప్లాస్మా 5.27కి వచ్చాను.

స్లైడర్‌ను ఇన్‌స్టంట్ కొసకు జరిపాక కలిగిన హాయి మాటల్లో పెట్టడం కష్టం. కీ నొక్కితే తెలుగు, నొక్కితే కన్నడం. పేజీ తిప్పినట్టు కూడా కాదు. ఒకే కాగితం మీద పైవరుస కన్నడం, కింది వరుస తెలుగు ఉన్నట్టు. తట్టిన మాట తట్టినట్టే కాగితం మీద పడేది. రోజుకు ఎనిమిది పేజీలు చేసేవాణ్ణి పదికి వచ్చాను. కనబడినవాళ్ళందరికీ చెప్పాను, యానిమేషన్లు మొత్తం తీసేయండి అని. మా బావకు మ్యాక్ ఉంది. దాంట్లో యాక్సెసిబిలిటీలో రెడ్యూస్ మోషన్ పెట్టించాను, జారుడు పోయి ఒకటి కరుగుతూ ఇంకోటి తేలడం వచ్చింది. కింది ఇంట్లో ఉండే అబ్బాయి విండోస్ 11లో యాక్సెసిబిలిటీ, విజువల్ ఎఫెక్ట్స్‌లోకి వెళ్ళి యానిమేషన్ ఎఫెక్ట్స్ ఆపించాను.

నాలుగు నెలలు ఇలా గడిచాయి. తర్వాత ఆ శనివారం వచ్చింది.

చేస్తున్నది మెట్ట రాగి సాగు మీద ఒక కన్నడ చేతిపుస్తకం. మొదటి చిత్తు అయిపోయింది, రెండోసారి దిద్దుతున్నాను. దిద్దేటప్పుడు నా పద్ధతి ఏమిటంటే, కన్నడ పేరా ఇంకోసారి చదివి, తెలుగులో పాత పేరా మీద నాలుగుసార్లు క్లిక్ చేస్తాను. లిబ్రెఆఫీస్ రైటర్‌లో అలా చేస్తే పేరా మొత్తం ఎంపిక అవుతుంది. దాన్ని తుడిచేసి, వేడి మీద ఉండగానే కొత్తగా రాస్తాను. ఆ రోజు మూడో డెస్క్‌టాప్‌లో నిఘంటువు చూసి, రెండోదానికి రావడానికి ఎడమ బాణం నొక్కాను. వేలు రెండుసార్లు పడింది. వచ్చింది మొదటి డెస్క్‌టాప్‌కి, కన్నడ మూలానికి.

జారుడు ఉండి ఉంటే తెర రెండుసార్లు కదలడం కనబడేది. ఏమీ కదల్లేదు. ఎదురుగా ఒక రైటర్ విండో, పెద్ద అక్షరాలు, గుండ్రటి లిపి. తెలుగు తెలియనివాళ్ళకు రెండు లిపులూ ఒకటేలా కనబడతాయంటే నవ్వుకునేవాణ్ణి. రెండూ చదవగలిగినవాడికి ఇంకో రకం చిక్కు ఉంది. రెండూ ఒకే సులువుగా పారతాయి, ఏ భాషలో చదువుతున్నానో మనసు చెప్పదు. తలకట్టు మీద చూపు నిలిపితేగానీ తేడా అందదు, పని వేగంలో ఎవరు తలకట్టు చూస్తారు? నాలుగు క్లిక్‌లు, డిలీట్. కీబోర్డు తెలుగులోనే ఉంది, తెలుగులోనే రాసుకుంటూ పోయాను. ఆ ఊపులోనే కింద ఉన్న ఇంకో పేరా కూడా. అలవాటుగా సేవ్ చేశాను. కరెంటు పోతే ఇంటర్నెట్ కూడా పోయే ఇల్లు మాది. ఆ మధ్యాహ్నం అలాగే పోతే, అన్నీ మూసేసి భోజనానికి లేచాను.

రాత్రి సరిచూసుకుంటుంటే తెలుగు ఫైలులో పాత పేరాలు పాతగానే ఉన్నాయి. కన్నడ ఫైలులో నడుమ నా తెలుగు మెరుస్తోంది. గుండె ఒక్కసారి జారింది. ఫైలు మూసేశాక అన్‌డూ ఉండదు. మూలం మెయిల్లో ఉంది, అది దింపుకున్నాను. పోయినవి కామెంట్లు. రైటర్‌లో కామెంటు ఏ మాటకు తగిలించామో ఆ మాట చెరిపితే కామెంటూ పోతుంది. ఆ రెండు పేరాలకు మా ఇంటి ఓనరుగారు చెప్పిన మాటలు రాసిపెట్టుకున్నాను. ఆయనది కోలారు వైపు, చాలా ఏళ్ళు రాగి పండించిన మనిషి, తెలుగు కన్నడం రెండూ ఆయన ఇంటి భాషలే. కూరిగె అంటే మన గొర్రు అనీ, కుంటె అంటే గుంటక అనీ నిఘంటువులోనూ దొరుకుతాయి. కానీ మొలిచిన చేనులో కుంటె ఎప్పుడు తోలాలి, ఎందుకు తోలాలి అన్నది ఆయన మెట్ల మీద కూర్చుని, చేతులతో చూపిస్తూ చెప్పింది. అది ఇంకెక్కడా లేదు.

మర్నాడు పొద్దున మళ్ళీ పైకి వెళ్ళాను. "మొన్న రాసుకుంటివి గదప్పా?" అన్నారు. జరిగింది చెప్పాను. విసుక్కోకుండా మళ్ళీ అంతా చెప్పారు, ఈసారి ఇంకా ఎక్కువే చెప్పారు. అయినా ఆ పెద్దాయన చేత రెండుసార్లు చెప్పించినందుకు నాకు చాలా రోజులు మనసు బాగాలేదు.

ఆ తర్వాత ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. జారుడును నేను అడ్డంగానే చూశాను గానీ అది గడప కూడా. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయేటప్పుడు గడప కాలికి తెలుస్తుంది, చీకట్లో కూడా ఎక్కడున్నామో ఆ కాలే చెబుతుంది. 1986లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్‌లో ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్ట్ కార్డ్ ఇలా ఒకే తెరను చాలా చోట్లుగా పంచే ఏర్పాటు చేసినప్పుడు దానికి రూమ్స్ అనే పేరు పెట్టారు. గది నుంచి గదికి పోవడానికి తెర మీద తలుపులు కూడా పెట్టారు. చిన్న తెర మీద విండోలు ఒకదాన్నొకటి తోసుకోవడమే వాళ్ళ చిక్కు కూడా. నేను గడప మొత్తం తీసేశాను.

ఇప్పుడు స్లైడర్ ఇన్‌స్టంట్‌లో లేదు, దానికి ఒక్క గీత ఇవతల ఉంది. కదలిక ఉందని తెలుస్తుంది, ఎటు వెళ్ళానో తెలుస్తుంది, కన్ను దాని వెంట పడేలోపే అయిపోతుంది. వర్చువల్ డెస్క్‌టాప్స్ సెట్టింగుల్లో, మారినప్పుడు తెర నడుమ డెస్క్‌టాప్ పేరు చూపించే ఏర్పాటు ఉంది. దాన్ని ఆన్ చేసి 400 మిల్లీసెకన్లకు తగ్గించాను. డెస్క్‌టాప్ 1, డెస్క్‌టాప్ 2 అన్న పేర్లు తీసేసి కన్నడం, తెలుగు, వెతుకు, మెయిలు అని పెట్టాను. చివరిదాని నుంచి మొదటిదానికి చుట్టి వచ్చే పద్ధతి ఆపేశాను. కన్నడ ఫైలును చదవడానికి మాత్రమే ఉండేలా కంట్రోల్, షిఫ్ట్, ఎం నొక్కి పెట్టొచ్చు. కానీ అప్పుడు కామెంట్లు రాసుకోవడం కుదరదు, అందుకని అది మానేశాను. బదులుగా నా పని ప్రతిలో పేజీకి లేత పసుపు రంగు వేసుకుంటున్నాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడు పని సాఫీగా సాగడమంతా స్లైడర్ పుణ్యమే కాదు. కంట్రోల్‌తో ఎఫ్1 నొక్కితే నేరుగా మొదటి డెస్క్‌టాప్‌కి, ఎఫ్2 నొక్కితే రెండోదానికి పోవచ్చు. ప్లాస్మాలో అది ముందునుంచీ ఉన్నదే. ఆ శనివారం తర్వాతే దానికి వేళ్ళు అలవాటు చేసుకున్నాను. బాణాలు వాడటం మానేస్తే సగం తడబాటు ఎలాగూ పోతుంది. ఇప్పటికీ రోజుకు పది పేజీలు అవుతుండటంలో దీని వాటా ఎంత, స్లైడర్ వాటా ఎంత, పుస్తకం తేలిక కావడం వాటా ఎంత అన్నది విడదీయలేను. స్లైడర్‌తో నాకున్న ఒక్క ఇబ్బంది, అది డెస్క్‌టాప్ జారుడును మాత్రమే కాక మెనూలు, విండోలు మూసుకోవడం, తెరుచుకోవడం అన్నిటినీ కలిపి వేగంగా చేస్తుంది. మెనూలు మునుపటిలా మెల్లగా విచ్చుకుంటేనే నాకు ఇష్టం.

మీ తెర 24 అంగుళాలైతే, లేదా పక్కన రెండో మానిటర్ ఉంటే ఇదంతా మీకు పట్టింపు లేని విషయం కావచ్చు. రోజుకు పది పదిహేనుసార్లు మారేవాళ్ళకు మొదటి వేగమే హాయిగా ఉంటుంది, మా బావ రెడ్యూస్ మోషన్ తీసేసి మళ్ళీ పాత జారుడుకే వెళ్ళిపోయాడు. చెన్నైలో ఒక స్నేహితురాలు తమిళం నుంచి తెలుగులోకి చేస్తుంది. నా మాట మీదే ఇన్‌స్టంట్ పెట్టుకుంది. నాకు జరిగింది చెప్పి, ఒక గీత వెనక్కి జరుపుకోమన్నాను. "తమిళం, తెలుగు ఎవరైనా పొరబడతారా?" అంది. ఆరు నెలలయింది, తన స్లైడర్ ఇంకా ఆ కొసనే ఉంది, ఇంతవరకు ఒక్క పేరా కూడా పోలేదట.