ఎస్‌క్యూఎల్ లోడర్: ఆ 2 ఎందుకొచ్చిందో లాగ్‌నే అడగాలి

టెక్స్ట్ ఫైల్లోని డేటాని ఒరాకిల్ డేటాబేస్ టేబుల్లోకి ఎక్కించే టూల్ ఎస్‌క్యూఎల్ లోడర్‌ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఏ కాలమ్‌లోకి ఏం వెళ్లాలో చెప్పే కంట్రోల్ ఫైల్ రాయడం విసుగు, మెసేజ్‌లు ముక్తసరి. అయినా వదల్లేకపోవడానికి కారణం బ్యాడ్ ఫైల్. టేబుల్లోకి వెళ్లలేని రికార్డుని అది పారేయదు, వచ్చింది వచ్చినట్టే పక్కన ఇంకో ఫైల్లో పెడుతుంది. తప్పు సరిచేసి, అదే కంట్రోల్ ఫైల్‌తో ఆ నాలుగు లైన్లే మళ్లీ లోడ్ చేసుకోవచ్చు. దీనికి ఐదుకి ఐదు మార్కులు.

లోడర్ పని ముగించి ఇచ్చే ఎగ్జిట్ కోడ్ (ఫలితం చెప్పే నంబర్) దగ్గరే నా గొడవంతా. అన్నీ ఎక్కితే 0. కమాండ్‌లో తప్పుంటేనో, డేటాబేస్ కోలుకోలేని ఎర్రర్ ఇస్తేనో 1. యూనిక్స్‌లో ఫైల్ తెరుచుకోకపోవడం లాంటివైతే 3. మిగిలింది 2, అంటే వార్నింగ్. ఒక్క రికార్డు రిజెక్ట్ అయినా 2 వస్తుంది. కంట్రోల్ ఫైల్లో రాసే వెన్ (WHEN) షరతు కింద మనమే వద్దన్న రికార్డుని వదిలేసినా 2 వస్తుంది. లోడ్ సగంలో ఆగిపోయినా అదే 2! జలుబుకీ గుండెపోటుకీ ఒకే చీటీ అన్నమాట.

మాకు వచ్చే ఫైల్ చివర మొత్తం రికార్డులెన్నో చెప్పే ఒక ట్రైలర్ లైన్ ఉండేది. దాన్ని వెన్‌తో వదిలేసేవాళ్లం కాబట్టి రోజూ 2 వచ్చేది. రోజూ వచ్చేదాన్ని ఎవరు పట్టించుకుంటారు? 2 వచ్చినా ఓకే అని, లోడర్‌ని నడిపే స్క్రిప్ట్‌లో రాసింది నేనే. ఒక రాత్రి ఫైల్ మధ్యలో ఒక భాగం తేదీలు నెల ముందు, రోజు తర్వాత పడి వచ్చాయి. ఎర్రర్స్ పరిమితి మనం చెప్పకపోతే 50. అది దాటగానే లోడ్ ఆగింది. 62 వేల రికార్డుల్లో ఎక్కినవి సుమారు 18 వేలు. స్క్రిప్ట్ మాత్రం సక్సెస్ అని మెయిల్ పంపింది. పొద్దున్నే అకౌంట్స్ మేడమ్ ఫోన్ చేసి, "ఏవండీ, నిన్నటి టోటల్ మూడో వంతు కూడా లేదేంటి?" అని అడిగేదాకా నాకు తెలీదు.

లోడర్ రాసిపెట్టే లాగ్ ఫైల్ తెరిస్తే 'మాగ్జిమమ్ ఎర్రర్ కౌంట్ ఎక్సీడెడ్' అని స్పష్టంగానే ఉంది. ఎక్కడినుంచి కొనసాగించాలో స్కిప్ నంబర్ కూడా ఉంది. టెన్షన్‌లో అది చూడకుండా మళ్లీ మొదటినుంచి నడిపితే, ఉన్నవాటికి కొత్తవి చేర్చే అపెండ్ మోడ్ కదా, అప్పటికే కమిట్ అయిన 18 వేలూ రెండోసారి ఎక్కేవి. (ఆ భాగంలో 12లోపు తేదీలు మాత్రం నెలా రోజూ తారుమారై హాయిగా లోపలికెళ్లిపోయాయి. వాటికి ఏ టూలూ వార్నింగ్ ఇవ్వదు.)

ఇప్పుడు ట్రైలర్ లైన్‌ని లోడింగ్‌కి ముందే తీసేసి, అందులోని లెక్కని టేబుల్లో ఎక్కినవాటితో పోల్చి చూస్తున్నాం. 0 అంటే నిజంగా 0. 2 వస్తే స్క్రిప్ట్ లాగ్‌లో ఆ 'మాగ్జిమమ్ ఎర్రర్ కౌంట్' వాక్యం కోసం వెతుకుతుంది: ఉంటే రాత్రే ఫోన్, లేకపోతే బ్యాడ్ ఫైల్‌తో పొద్దున మెయిల్. లోడర్ అవుట్‌పుట్‌ని, తెర మీదా ఫైల్లోనూ ఒకేసారి పెట్టే టీ (tee) కమాండ్‌కి పైప్ చేసేవాళ్లు మాత్రం జాగ్రత్త. పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెట్టకపోతే షెల్ మీకు చెప్పేది లోడర్ కోడ్ కాదు, టీ కోడ్. అది దాదాపు ఎప్పుడూ హాయిగా 0 ఇస్తుంది, పేరుకి తగ్గట్టే.

మామూలు ఇన్సర్ట్‌లు లేకుండా నేరుగా రాసే డైరెక్ట్ పాత్ పద్ధతి వేగంగా పోతుంది కానీ, డూప్లికేట్ కీలుంటే వాటినీ ఎక్కించేసి యూనిక్ ఇండెక్స్‌ని అన్‌యూజబుల్‌గా (పనికిరాకుండా) వదిలేస్తుంది. లోడ్ అయ్యాక ఇండెక్స్ స్టేటస్ చూడాల్సిందే.

మొన్న మెయిల్‌లో మూడే రికార్డులు వచ్చాయి. మూడింటికీ ఒకటే రోగం: రిమార్క్స్ కాలమ్ టేబుల్లో 1000 అక్షరాలు, కంట్రోల్ ఫైల్లో నేను పొడవు రాయలేదు. రాయకపోతే లోడర్ 255 అనుకుంటుంది. చార్ 1000 అని చేర్చి, ఆ మూడింటినీ ఎక్కించాను. ముందు బ్యాడ్ ఫైల్‌ని వేరే పేరుతో కాపీ చేసుకున్నాను, తర్వాతి రన్ దాన్ని తుడిచేస్తుంది కాబట్టి.