విశాఖలో విదేశీ పాస్‌పోర్ట్‌తో రూమ్ తీసుకోవాలంటే

విశాఖ అంటే మాకు ప్రాణం. అందుకే మా అన్నయ్య కొడుకు నెదర్లాండ్స్ నుంచి పెళ్లాన్ని తీసుకుని మొదటిసారి వస్తే, ముందు అక్కడికే తీసుకెళ్దామన్నాను. డాబాగార్డెన్స్ దగ్గర ఒక హోటల్లో రెండు రూములు ఆన్‌లైన్‌లో బుక్ చేసి డబ్బు కూడా కట్టేశాం. గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి దింపేసింది.

కౌంటర్‌లో అబ్బాయి మా ఆధార్ కార్డులు చకచకా జిరాక్స్ తీశాడు. కోడలి పాస్‌పోర్ట్ చేతికి రాగానే ఆగిపోయాడు. లోపలికెళ్లి వచ్చి, “ఫారినర్స్‌కి రూమ్ ఇవ్వమండి” అన్నాడు. బుకింగ్ చూపిస్తే, “అది యాప్ వాళ్లు చేసిందండి, మాకు తెలీదు” అన్నాడు. మావాడు గట్టిగా మాట్లాడబోతే, “వద్దులే బాబాయ్, వెళ్దాం” అని మళ్లీ వాడే తగ్గాడు. ఆ అమ్మాయి మాత్రం ఏం జరుగుతోందో తెలియక, పాస్‌పోర్ట్ రెండు చేతులతో పట్టుకుని మా మొహాలు చూస్తూ నిలబడింది. కొత్త కోడలిని గుమ్మంలోనే ఆపేసినట్టు అనిపించింది నాకు.

ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీల్లోనూ ఇదే జవాబు. ఆటో అతను నాకు తెలిసిన చోటుంది రమ్మన్నాడు గానీ, కమిషన్ కోసం తిప్పుతాడని వద్దన్నాం.

అసలు విషయం చెప్తాను. విదేశీయులకు రూమ్ ఇవ్వడం తప్పేమీ కాదు. ఇచ్చినవాళ్లు వాళ్ల వివరాలు 24 గంటల్లోపు ఇమిగ్రేషన్ వాళ్ల వెబ్‌సైట్‌లో పంపాలి. హోటళ్లలో దాన్ని ఫారం సి అంటారు. దానికి హోటల్ ముందుగా రిజిస్టర్ చేసుకుని లాగిన్ తీసుకోవాలి. చిన్న లాడ్జీలు చాలావరకు ఆ పని పెట్టుకోవు, పోలీసులతో తలనొప్పి ఎందుకని పాస్‌పోర్ట్ చూడగానే వద్దంటాయి.

చివరికి బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో దొరికింది. రేటు దాదాపు రెండింతలు. కానీ అక్కడ కౌంటర్‌లో ఉన్నామె పాస్‌పోర్ట్, వీసా పేజీ, ఎయిర్‌పోర్ట్‌లో వేసిన స్టాంపు స్కాన్ చేసి, “ఎక్కడి నుంచి వచ్చారు, తర్వాత ఎక్కడికి వెళ్తారు?” అని అడిగి టైప్ చేసుకుంది. టీ తాగేలోపు అయిపోయింది. ఇంత చిన్న పనికి భయపడి ఊరికొచ్చిన అతిథుల్ని వెనక్కి పంపడం చాలా అన్యాయం. పర్యాటకులే బతుకుతెరువైన ఊళ్లో, ప్రతి లాడ్జీ కౌంటర్ మీద ఉన్నవాళ్లకీ ఈ పని నేర్పాలి.

ఆ తర్వాత అంతా హాయిగా సాగింది. కురుసుర సబ్‌మెరైన్ లోపల ఆ ఇరుకు దారిలో నడుస్తూ కోడలు ఎంతో సంబరపడింది. భీమిలిలో డచ్చివాళ్ల, అంటే నెదర్లాండ్స్ వాళ్ల, సమాధుల దగ్గర రాళ్ల మీది రాతలు తనే చదివి మాకు చెప్పింది. టైం తక్కువుంటే కైలాసగిరి వదిలేసినా ఫర్వాలేదు గానీ భీమిలి మాత్రం వదలొద్దు. అరకు వెళ్లే రైలు పొద్దున్నే కాబట్టి ముందురోజు రాత్రి స్టేషన్‌కి దగ్గర్లో ఉంటే మేలు. రుషికొండ వైపు బీచ్ బాగుంటుంది, కానీ అక్కడి నుంచి ఆ వేళకి స్టేషన్‌కి రావాలంటే టెన్షనే. సింహాచలం చందనోత్సవం రోజుల్లో అయితే మనవాళ్లకే రూములు కష్టం.

విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు మీతో వస్తుంటే బుక్ చేసే ముందే హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి, “ఫారం సి చేస్తారా?” అని అడగండి. యాప్‌లో కన్ఫర్మ్ అని వచ్చినంత మాత్రాన సరిపోదు. ఒకవేళ కౌంటర్ దగ్గర కాదంటే, అక్కడి నుంచి కదలకముందే బుకింగ్‌ని హోటల్ వాళ్ల చేతే రద్దు చేయించండి, లేదా రూమ్ ఇవ్వడం లేదని మెసేజ్‌లో రాయించుకోండి. ఊరికే వచ్చేస్తే మనమే రాలేదని రాసి డబ్బు ఉంచేసుకునే ప్రమాదముంది. మేం మెసేజ్ పెట్టించుకున్నాం కాబట్టే మా డబ్బు మొత్తం వెనక్కొచ్చింది.

చుట్టాలింట్లో దిగినా ఈ నియమం వర్తిస్తుంది. ఇంటివాళ్లు కూడా అదే వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకుని వివరాలు పంపాలి, కాబట్టి వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.