పాత ఫోన్‌కు కొత్త ఫీచర్లు: పూర్తి వెర్షనా, భద్రతా ప్యాచ్‌లేనా, విడి భాగాలా? ఏది మేలు?

ఒక స్మార్ట్‌ఫోన్ మార్కెట్లోకి వచ్చి నాలుగైదేళ్లు గడిచాక దాని సాఫ్ట్‌వేర్ విషయంలో తయారీ సంస్థల ముందు మూడు దారులుంటాయి. కొత్త ఫోన్లకు ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌నే, అందులోని ఫీచర్లతో సహా, పాత ఫోన్‌కూ ఇవ్వడం మొదటిది. పాత వెర్షన్‌ను అలాగే ఉంచి, భద్రతా లోపాలను మాత్రం ప్యాచ్‌లు అనే చిన్న సవరణలతో ఎప్పటికప్పుడు సరిదిద్దుతూ పోవడం రెండోది. ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి వెళ్లకుండా, ఆ ఫోన్ మోయగలిగిన ఫీచర్లను యాప్‌లుగానో చిన్న చిన్న భాగాలుగానో విడిగా అందించడం మూడోది. పాత ఫోన్లకు కొత్త ఫీచర్లు ఇవ్వాలా, వద్దా అన్న దగ్గరే చర్చ సాధారణంగా ఆగిపోతుంది. వాడేవారికి జరిగే మేలూ కీడూ మాత్రం వాటిని ఎలా ఇస్తారన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి కాబట్టి ఈ మూడు దారులనూ పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

మొదటి దారికి ఇప్పుడు ఆదరణ బాగా పెరిగింది. 2023 అక్టోబరులో పిక్సెల్ 8 ఫోన్లకు ఏడేళ్ల పాటు కొత్త వెర్షన్లూ, భద్రతా అప్‌డేట్లూ ఇస్తామని గూగుల్ ప్రకటించింది. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24 ఫోన్లకు శాంసంగ్ కూడా అదే హామీ ఇచ్చింది. ఆపిల్ సంస్థ అలాంటి హామీని ముందుగా ప్రకటించకపోయినా, 2015లో ఐఓఎస్ 9తో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో ఐఓఎస్ 15 వరకూ ఇచ్చింది. కొత్త వెర్షన్ రావడం వల్ల కలిగే అసలు ప్రయోజనం చూడటానికి కొత్తగా ఉండటం కాదు, యాప్‌లు పనిచేయడం. 2025 మే నెలలో ఐఓఎస్ 15.1 కన్నా పాత వెర్షన్లపై వాట్సాప్ ఆగిపోయినప్పుడు, ఐఓఎస్ 12 దగ్గరే నిలిచిపోయిన ఐఫోన్ 6లో అది పనిచేయడం మానేసింది. దానికన్నా ఒక్క ఏడాది మాత్రమే చిన్నదైన ఐఫోన్ 6ఎస్‌లో కొనసాగింది. రెండు ఫోన్లలోనూ స్క్రీన్, స్పీకర్, కెమెరా అన్నీ బాగానే ఉండవచ్చు. వాటి ఉపయోగంలో తేడా తెచ్చింది వెర్షన్ ఒక్కటే.

అయితే ఈ దారిలో ఎదురయ్యే ఇబ్బందులు కూడా తక్కువేమీ కావు. 2010లో ఐఓఎస్ 4 వచ్చినప్పుడు ఐఫోన్ 3జీకి ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఆ వెర్షన్‌లో అందరూ ఎదురుచూసిన మల్టీటాస్కింగ్‌ను, అంటే ఒకేసారి ఒకటికన్నా ఎక్కువ యాప్‌లు నడిపే వీలును, 128 ఎంబీ ర్యామ్ ఉన్న ఆ ఫోన్‌కు ఇవ్వలేదు, హోమ్ స్క్రీన్‌పై వాల్‌పేపర్ పెట్టుకునే వీలు కూడా ఇవ్వలేదు. ఫీచర్లు రాలేదు కానీ కొత్త వెర్షన్ బరువు మాత్రం వచ్చి పడింది. ఫోన్ బాగా స్లో అయిందని వాడినవారు పెద్ద ఎత్తున ఫిర్యాదు చేశారు. కొత్త వెర్షన్ అందుకోవడమూ కొత్త ఫీచర్లు అందుకోవడమూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 2018 అక్టోబరులో, ఇటలీలోని పోటీ నియంత్రణ సంస్థ శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు, ఆపిల్‌కు కోటి యూరోలు జరిమానా విధించింది. గెలాక్సీ నోట్ 7 కోసం సిద్ధం చేసిన ఆండ్రాయిడ్ మార్ష్‌మల్లోను 2014 నాటి నోట్ 4లో, ఐఫోన్ 7 కోసం రూపొందించిన ఐఓఎస్ 10ను ఐఫోన్ 6లో వేసుకునేలా వినియోగదారులను పదేపదే ప్రోద్బలపరచడం, దానివల్ల వచ్చే ఇబ్బందులను చెప్పకపోవడం, వెనక్కి వెళ్లే మార్గం చూపకపోవడం ఆ సంస్థ ఎత్తిచూపిన తప్పులు.

ర్యామ్ తక్కువగా ఉన్న ఫోన్‌లో పెద్ద వెర్షన్ పడ్డాక రోజువారీ వాడకం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే ఈ ఇబ్బంది ఎంతటిదో అర్థమవుతుంది. మ్యాప్‌లో దారి చూస్తూ మధ్యలో ఒక ఫొటో తీయడానికి కెమెరా తెరిస్తే, సిస్టమే ఎక్కువ ర్యామ్ ఆక్రమించుకుని ఉండటం వల్ల, కెమెరాకు చోటు చేయడానికి ఫోన్ మ్యాప్‌ను మూసేస్తుంది. తిరిగి మ్యాప్‌కు వచ్చేసరికి అది మొదటినుంచి తెరుచుకుంటుంది, దారి మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది. మెసేజ్ రాయబోతే కీబోర్డు ఆలస్యంగా పైకి వస్తుంది, అప్పటికే నొక్కిన అక్షరాలు ఎక్కడికో పోతాయి. ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు; రోజుకు వందసార్లు ఎదురైతే మాత్రం ఆ ఫోన్ ఇక పనికిరాదన్న నిర్ణయానికి రావడానికి ఇవే చాలు. అలా పక్కన పడేసిన ఫోన్‌లో నిజానికి చెడిపోయిన భాగం ఒక్కటీ ఉండకపోవచ్చన్నదే నన్ను ఎక్కువగా బాధించే సంగతి.

కొత్త వెర్షన్ అంటే పాత ఫోన్ స్లో అయి తీరాల్సిందేనని కూడా అనుకోనక్కర్లేదు. 2018లో ఐఓఎస్ 12ను రూపొందించినప్పుడు ఆపిల్ వేగం మీదే శ్రద్ధ పెట్టింది. 2014 నాటి ఐఫోన్ 6 ప్లస్‌లో యాప్‌లు 40 శాతం వరకూ, కీబోర్డు 50 శాతం వరకూ, కెమెరా 70 శాతం వరకూ వేగంగా తెరుచుకుంటాయని ప్రకటించింది. ఐఓఎస్ 11 నడిచిన ప్రతి ఐఫోన్‌కూ ఆ వెర్షన్ వచ్చింది. అందువల్ల వయసును సాకుగా చూపే సంస్థలను, ఆ ఫోన్ కోసం ప్రత్యేకంగా ఎంత పనిచేశారని అడిగే హక్కు కొన్నవారికి ఉంటుంది.

బ్యాటరీ సంగతి వేరు, ఎందుకంటే అక్కడ వయసు నిజంగానే పనిచేస్తుంది. పాతబడిన లిథియం అయాన్ బ్యాటరీ, ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు కోరినప్పుడు దాన్ని ఇవ్వలేక పోవడం వల్ల ఫోన్ హఠాత్తుగా ఆఫ్ అవుతుంది. దీన్ని నివారించడానికి 2017 జనవరిలో విడుదలైన ఐఓఎస్ 10.2.1 కొన్ని ఐఫోన్ల గరిష్ఠ వేగాన్ని తగ్గించింది. సాంకేతికంగా ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవచ్చు, కానీ ఆ సంగతి వాడేవారికి స్పష్టంగా చెప్పలేదు. 2017 డిసెంబరులో విషయం బయటపడ్డాక ఆపిల్ క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది, ఆ తర్వాత ఐఓఎస్ 11.3లో బ్యాటరీ ఆరోగ్యాన్ని చూపించే పేజీని చేర్చింది. 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది కూడా వినియోగదారులకు సమాచారం ఇవ్వనందుకే.

ఇక రెండో దారి, అంటే భద్రతా అప్‌డేట్లు మాత్రమే ఇవ్వడం. 2015లో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడి, ఒక వీడియో మెసేజ్ ద్వారానే ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి చొరబడవచ్చని తేలిన తర్వాత, గూగుల్ నెలనెలా ప్యాచ్‌లు విడుదల చేయడం మొదలుపెట్టింది. 2013లో వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడా ఐఓఎస్ 12.5.7 పేరిట భద్రతా అప్‌డేట్ అందింది. ఫోన్ ఎలా ఉందో అలాగే ఉండాలని కోరుకునేవారు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా పెద్దవయసువారు. కింద ఉన్న మూడు బటన్లు మాయమై, వాటి స్థానంలో వేలితో జరిపే సంజ్ఞలు వస్తే వారికి అది కొత్త సౌకర్యం కాదు, చేతికి అలవాటైన పని ఒక్క రాత్రిలో చేజారిపోవడం. అలాంటివారికి రెండో దారే అన్నిటికన్నా హాయి.

కానీ ఈ దారిలో నడిచే ఫోన్‌కు యాప్‌లు ఒక్కొక్కటిగా దూరమవుతాయి. చివరికి వెబ్‌సైట్లు సైతం తెరుచుకోని స్థితి రావచ్చు. వెబ్‌సైట్ల గుర్తింపును నిర్ధారించే రూట్ సర్టిఫికెట్ల జాబితా పాత ఆండ్రాయిడ్‌లో సిస్టమ్‌లోనే భాగం కాబట్టి, ఆ జాబితా మారకపోతే కొత్త సర్టిఫికెట్లను ఫోన్ నమ్మదు. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లకు వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లతో సరిగ్గా ఈ సమస్యే వచ్చి, 2021లో తాత్కాలిక ఏర్పాటుతో దాన్ని మూడేళ్లు వాయిదా వేయాల్సి వచ్చింది. ఫీచర్లన్నీ హంగులే అనుకోవడం ఇంకొక పొరపాటు. వినికిడి సమస్య ఉన్నవారికి ఎదుటివారి మాటలను అక్షరాల్లో చూపించే సదుపాయం నిత్యావసరం. అది కొత్త ఫోన్ కొనగలిగినవారికే అని తేల్చడం న్యాయం కాదు.

సరిగ్గా అక్కడే మూడో దారి విలువ తెలుస్తుంది. మాటలను అప్పటికప్పుడు అక్షరాలుగా మార్చే లైవ్ ట్రాన్‌స్క్రైబ్‌ను గూగుల్ 2019లో విడి యాప్‌గా, ఆండ్రాయిడ్ 5.0 ఫోన్ల నుంచీ పనిచేసేలా విడుదల చేసింది. దానికోసం ఎవరూ సిస్టమ్ మార్చుకోవాల్సిన అవసరం రాలేదు. 2020లో కోవిడ్ సోకినవారికి దగ్గరగా మెలిగామని హెచ్చరించే ఏర్పాటును ఆపిల్, గూగుల్ కలిసి చేసినప్పుడు, ఆండ్రాయిడ్‌లో అది, సిస్టమ్ వెర్షన్‌తో పనిలేకుండా గూగుల్ నేరుగా అప్‌డేట్ చేసే ప్లే సర్వీసెస్ ద్వారా, 6.0 వెర్షన్ నుంచీ అందింది. ఐఫోన్లలో ముందు ఐఓఎస్ 13.5కే పరిమితమైనా, ఆ ఏడాది డిసెంబరులో ఐఓఎస్ 12.5 ద్వారా 5ఎస్, 6 లాంటి పాత ఫోన్లకూ చేరింది. అవసరం గట్టిగా ఉన్నప్పుడు పాత వెర్షన్‌లోకే కొత్త ఫీచర్‌ను చేర్చడం సాధ్యమేనని దీంతో రుజువైంది. ఆండ్రాయిడ్‌లోని భూకంప హెచ్చరికల వ్యవస్థ మరీ ఆలోచింపజేస్తుంది. ఛార్జింగ్‌లో కదలకుండా ఉన్న ఫోన్లలోని సెన్సర్లు భూమి అదురును పసిగట్టి కేంద్రానికి చేరవేస్తాయి, అనేక ఫోన్ల సమాచారం కలిపి హెచ్చరిక తయారవుతుంది. పాత ఫోన్లను ఇందులో కలుపుకోవడం వాటి యజమానులకే కాకుండా, చుట్టుపక్కల కొత్త ఫోన్లు వాడేవారికి కూడా మేలు.

ఈ పద్ధతికి తగినట్టుగా ఆండ్రాయిడ్ నిర్మాణం కూడా మారుతూ వచ్చింది. 2017లో ప్రాజెక్ట్ ట్రెబుల్ చిప్‌కు సంబంధించిన సాఫ్ట్‌వేర్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరు చేసింది, 2019లో ప్రాజెక్ట్ మెయిన్‌లైన్ సిస్టమ్‌లోని కొన్ని భాగాలను ప్లే స్టోర్ ద్వారా మార్చే వీలు కల్పించింది. లోపం లేదని కాదు: ఈ మార్పులు చాలావరకు చెప్పకుండా జరిగిపోతాయి, వాటిపై అధికారం ఒకే సంస్థ చేతిలో ఉంటుంది. విడి భాగాలుగా ఇచ్చినా సరే, ఏం మారిందో చెప్పి, వద్దనుకుంటే ఆపుకునే వీలు ఇవ్వాలి.

విడిగా ఇచ్చినా మోయలేని ఫీచర్లు ఉంటాయన్నది కూడా ఒప్పుకోవాలి. ఫోన్‌లోనే నడిచే భాషా నమూనాలకు, అంటే వాక్యాలను అర్థం చేసుకుని రాసిపెట్టే కృత్రిమ మేధకు, ర్యామ్ చాలా కావాలి. 6 జీబీ ఉన్న ఐఫోన్ 15కు ఆపిల్ ఇంటెలిజెన్స్ అనే కృత్రిమ మేధ ఫీచర్ల సముదాయం రాలేదు, అదే ఏడాది 8 జీబీతో వచ్చిన 15 ప్రోకు వచ్చింది. అయితే "మోయలేదు" అన్న మాటను ప్రతిసారీ యథాతథంగా నమ్మలేం. 2024 మార్చిలో హార్డ్‌వేర్ పరిమితుల వల్ల, ఫోన్‌లోనే నడిచే తమ భాషా నమూనా జెమిని నానో పిక్సెల్ 8కు రాదని గూగుల్ ప్రతినిధి చెప్పారు, విమర్శలు వచ్చాక అదే ఫోన్‌కు డెవలపర్ ఆప్షన్‌గా, అంటే యాప్‌లు తయారుచేసేవారి కోసం ఉన్న సెట్టింగ్స్‌లో, ఇస్తామని ఆ సంస్థే ప్రకటించింది. చిప్ తయారీదారు మద్దతు ఆగిపోయిందన్న కారణం కూడా ఎప్పుడూ తుది మాట కాదు: చిప్‌ల తయారీ సంస్థ క్వాల్‌కామ్ అందులోని తన చిప్‌కు ఆండ్రాయిడ్ 6తోనే మద్దతు ఆపేసినా, చిన్న సంస్థ అయిన ఫెయిర్‌ఫోన్ 2015 నాటి తన ఫెయిర్‌ఫోన్ 2ను ఆండ్రాయిడ్ 10 దాకా తీసుకొచ్చి 2023 వరకూ నిలబెట్టింది. ఒక ఫీచర్ రాకపోవడానికి కారణం ర్యామా, చిప్పా, ఖర్చా, అమ్మకాల ఆలోచనా అన్నది సంస్థలు సూటిగా చెప్పాలి.

ఈ మూడింటిలో నా మొగ్గు మూడో దారివైపే, దాని కింద రెండో దారి పునాదిగా ఉండాలన్న షరతుతో. భద్రతా ప్యాచ్‌ను ఫీచర్లతో ముడిపెట్టడం తాళం మార్చాలంటే ఇల్లంతా కొత్త రంగు వేయించుకోవాలనడం లాంటిది. 2021లో ఆపిల్ ఈ ముడి విప్పబోతున్నట్టే కనిపించింది. ఐఓఎస్ 15కు మారకుండా ఐఓఎస్ 14లోనే ఉండి ముఖ్యమైన భద్రతా అప్‌డేట్లు పొందవచ్చని ప్రకటించింది. 2022 జనవరికల్లా ఆ వెసులుబాటు ఆగిపోయింది, అది తాత్కాలికమేనని తర్వాత వివరణ వచ్చింది. ఆ వెసులుబాటును కనీసం ఫోన్ ఆయుష్షు రెండో సగంలోనైనా శాశ్వతం చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మొదటి దారిని పూర్తిగా మూసేయాలని మాత్రం అనను. ఫోన్‌లో తగినంత ర్యామ్, స్టోరేజీ ఉండి బ్యాటరీ బాగున్నంతకాలం పూర్తి వెర్షన్ ఇవ్వడమే మంచిది, దాన్ని వేసుకున్నాక నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి ఉండాలి. ఈ చివరి కోరిక సాధ్యం కాదని సంస్థలు చెప్పే కారణాలు రెండు. కొత్త వెర్షన్‌లో మారిపోయిన డేటాను పాత వెర్షన్ చదవలేదన్నది మొదటిది; బ్యాకప్ తీసుకుని ఫోన్‌ను చెరిపి మళ్లీ మొదలుపెట్టడానికి సిద్ధపడేవారికి ఇది అడ్డంకి కాదు. పాత వెర్షన్‌లో అందరికీ తెలిసిపోయిన భద్రతా లోపాలుంటాయి కాబట్టి అటు వెళ్లనివ్వడం ప్రమాదమన్నది రెండోది, గట్టిది కూడా. ఆపిల్ పాత వెర్షన్లకు డిజిటల్ సంతకం (వాటిని ఫోన్‌లో వేసుకోవడానికి ఇచ్చే ఆమోదం) ఆపేయడం, ఆండ్రాయిడ్ ఫోన్లలో వెనక్కి వెళ్లకుండా కట్టడి పెట్టడం ఇందుకే. పాత వెర్షన్‌కు కూడా భద్రతా ప్యాచ్‌లు అందుతూ ఉంటే ఆ అభ్యంతరానికి బలం ఉండదు. పైగా ఆండ్రాయిడ్ 7.0 నుంచీ చాలా ఫోన్లలో సిస్టమ్‌కు రెండు చోట్లు కేటాయించే ఏర్పాటు ఉంది. అప్‌డేట్ ఖాళీగా ఉన్న చోటకు వెళ్తుంది, ఫోన్ ఆన్ కాకపోతే పాత చోటనుంచే మళ్లీ మొదలవుతుంది. ఫోన్ దానంతటది చేసుకోగలిగిన ఆ పనిని, డేటా చెరిగిపోతుందన్న హెచ్చరికతో, వారం రోజుల గడువు పెట్టి, సెట్టింగ్స్‌లో ఒక బటన్‌గా యజమానికి కూడా ఇవ్వవచ్చు.