ఈకో డ్యాష్‌బోర్డు విప్పి బిగించినవి: కొన్ని ఎండాకాలాలు దాటాక

మా మారుతి ఈకో వ్యాను కేటరింగ్ సామాను మోస్తుంది. తెల్లవారుజామున విజయవాడలో లోడు ఎక్కిస్తే మంగళగిరి, గుంటూరు కల్యాణ మండపాల దాకా వెళ్లి రావాలి. దానికి అదనంగా పెట్టించినవి డ్యాష్‌క్యామ్, ఫోన్లకు యూఎస్‌బీ ఛార్జర్, డ్రైవర్ పక్కన చిన్న ఫ్యాను, వెనక సామాను దగ్గర ఎల్ఈడీ పట్టీ. కొన్న వారంలోనే రాసే రివ్యూలకు కొదవ లేదు. బెజవాడ మే నెల ఎండకు ఏది నిలిచింది, ఏది ఊడింది అన్నది మాత్రం వాటిలో దొరకదు.

మొదట ఈ పని ఒక షాపులోనే చేయించాం. వైర్లు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, డ్యాష్‌బోర్డు వెనక్కి తోసేశారు. చలికాలమంతా బాగానే ఉంది. ఎండలు ముదిరాక టేపు జిగురు కరిగి చుట్టలు జారిపోయాయి. రాగి తీగ ఇనుముకు తగిలి ఫ్యూజు కొట్టేసింది. ఫ్యూజు ఉన్న లైను కాబట్టి అక్కడితో పోయింది, బ్యాటరీ నుంచి నేరుగా లాగి ఉంటే పొగ చూసేవాళ్లం. రెండోసారి అంతా విప్పి నేనే కూర్చుని చేశాను.

విప్పడానికి ఆన్‌లైన్‌లో దొరికే నైలాన్ ట్రిమ్ కిట్, అంటే ప్యానెళ్లు ఎత్తే పనిముట్ల సెట్టు తీసుకున్నాను. పెద్ద సెట్టు అక్కర్లేదు. వెడల్పు మూతిది ఒకటి, చివర రెండుగా చీలి క్లిప్పును పట్టి పీకేది ఒకటి, ఈ రెండే చేతిలో ఉంటాయి, మిగతావి డబ్బాలోనే పడున్నాయి. అయినా డబ్బు దండగ అనను. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ప్యానెల్ అంచు మీద గాటు పడుతుంది, బండి ఎక్కిన ప్రతిసారీ కళ్లు అక్కడికే పోతాయి. నైలాన్ అయితే ముందు అదే వంగుతుంది. ప్యానెల్ మధ్యలో పట్టి లాగకూడదు, క్లిప్పు ఉన్న చోటికి వీలైనంత దగ్గరగా మూతి పెట్టి నిటారుగా ఎత్తాలి. రావట్లేదంటే ఎక్కడో ఇంకో స్క్రూ దాగుందని అర్థం; చిన్న మూతల కింద, అరల లోపల వెతకాలి. ఎండకు ఎండీ ఎండీ పెళుసెక్కిన ప్లాస్టిక్ దగ్గర ఇంకా నిదానం కావాలి. ఒకటీ అరా క్లిప్పులు విరుగుతాయి, దానికి టెన్షన్ పడనక్కర్లేదు, ఆటోనగర్‌లో విడిగా దొరుకుతాయి.

స్క్రూడ్రైవర్ పట్టే ముందే బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో దాని వైర్లు, కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని విప్పొద్దు, కదపొద్దు, వాటి నుంచి కరెంటు అసలే తీసుకోవద్దు. స్టీరింగ్ చుట్టూ ఏదైనా పని ఉంటే అది మాత్రం సర్వీస్ సెంటర్‌కే వదిలేశాను.

ఇక కరెంటు. లెక్క సులువే, బండి బ్యాటరీ 12 వోల్టులది కాబట్టి వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు. 24 వాట్ల ఫ్యాను 2 ఆంపియర్లు తీసుకుంటుంది. డ్యాష్‌క్యామ్‌కు అందులో నాలుగో వంతు కూడా పట్టదు. నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు ఫ్యూజ్ ట్యాప్. ఫ్యూజ్ బాక్సులో ఉన్న ఒక ఫ్యూజు తీసి, దాని చోట ఇది గుచ్చితే అసలు లైను వైరు కోయకుండానే కొత్త లైను పుడుతుంది. పాత ఫ్యూజుకు ఒక అర, కొత్తదానికి ఇంకో అర ఉంటాయి. సైజు చూసి కొనాలి, మినీకీ మైక్రోకీ తేడా ఉంది. ఏ వైపు తిప్పి గుచ్చుతున్నామో కూడా చూడాలి. తిరగేస్తే కొత్త లైను భారం కూడా పాత ఫ్యూజు మీదే పడుతుంది. తాళంచెవి తీసేస్తే ఆగిపోయే లైనునే ఎంచుకున్నాను, లేకపోతే రాత్రంతా కెమెరా బ్యాటరీని తాగుతూ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి పోలేదు. రంగులు గుర్తుంటే చాలు: ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లు. ఫ్యూజు పదేపదే పోతోందని పెద్దది వేసే వాళ్లున్నారు, అది ఫ్యూజు లేకుండా తిరగడంతో సమానం.

జాయింట్లన్నీ క్రింప్ చేసి, అంటే లోహపు తొడుగులో పెట్టి నొక్కి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. వైర్ల మీద గుడ్డ టేపు చుట్టాను. దీనివల్ల ఇంకో లాభం, కాజా టోల్‌గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్లు దాటేటప్పుడు డ్యాష్‌బోర్డు లోపల టకటక లేదు. ఆ ఎండాకాలం నుంచి ఇప్పటిదాకా ఒక్క జాయింటు కూడా వదులవలేదు.

డ్యాష్‌క్యామ్ లోపల బ్యాటరీ కాకుండా కెపాసిటర్ ఉన్నదే కొనండి. అద్దం దగ్గర వేడికి లిథియం బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. ఎల్ఈడీ పట్టీ వెనక జిగురు మొదటి వేసవికే వదిలేసింది, అల్యూమినియం చానెల్‌లో పెట్టి స్క్రూ బిగించాక కదల్లేదు. రాత్రి గిన్నెలు దించేటప్పుడు ఆ వెలుతురు బాగా పనికొస్తోంది. ఛార్జర్ గురించి చెప్పేదేమీ లేదు, పని చేస్తోంది.

ఫ్యానే నిరాశ. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వేడి గాలినే మొహాన కొడుతుంది, చప్పుడు దానికి అదనం. మా డ్రైవర్ ఎక్కువగా ఆపేసే ఉంచుతాడు. అది పాడైతే మళ్లీ కొనను, ఆ స్విచ్చుకు ఇంకో లైటు కలుపుతాను.