విల్లు కర్ర ఆన్‌లైన్‌లో కొంటున్నారా? చివర్లకు పూసిన రంగును నమ్మకండి

విల్లు చెక్కుకోడానికి బ్లాక్ లోకస్ట్ అనే చెట్టు కర్ర కోసం ఎవరైనా డబ్బు పంపబోతుంటే ఒక్క రోజు ఆగండి. నాకు 5,700 రూపాయలు పోయాయి. కర్రకి 4,800, రావులపాలెం దాకా లారీ పార్సిల్‌కి 900.

ఇది మన చెరువు గట్ల మీద పెరిగే నల్ల తుమ్మ కాదు. దీని సొంత గడ్డ అమెరికాలోని అపలాచియన్ కొండలు. మన దేశంలో కాశ్మీర్, హిమాచల్ వైపు నాటారు. శాస్త్రీయ నామంలోనే ‘సూడో అకేసియా’ అని ఉంది, అంటే దొంగ తుమ్మ. అందుకే నాకు ఉన్న టెన్షన్ అంతా తుమ్మ కర్ర అంటగడతారేమోననే. పార్సిల్ రాగానే తెలిసిన కొట్టులో దొంగనోట్లు చూసే లైటు అడిగి తెచ్చి, గది చీకటి చేసి వేసి చూశాను. లోకస్ట్ చేవ (లోపలి గట్టి చెక్క) ఆ వెలుగులో ఆకుపచ్చ కలిసిన పసుపుగా మెరుస్తుంది. మెరిసింది. సంబరపడిపోయాను. మోసం ఉన్నది అక్కడ కాదు.

‘రెండేళ్లు ఆరబెట్టింది, నేరుగా చెక్కుకోవచ్చు’ అని అమ్మినాయన ప్రకటనలో రాశాడు. రెండు చివర్లకీ నీలం పెయింటు దట్టంగా ఉంది. అది చూసే నేను పడిపోయాను. కర్రలో తడి పక్కల కన్నా కోసిన చివర్ల నుంచి చాలా తొందరగా పోతుంది, చివర్లు ముందు కుంచించుకుని బీటలిస్తాయి. అందుకే చెట్టు కొట్టిన రోజే అక్కడ మైనమో, జిగురో, పెయింటో పూస్తారు. రంగుందంటే పని తెలిసినవాడే అనుకున్నాను.

మా వీధి వడ్రంగి మేస్త్రి చేత్తో పట్టుకుని, “ఆయ్, ఇది ఆరిన కర్ర కాదండీ, చల్లగా ఉంది” అన్నారు. నాకు నచ్చలేదు. అయినా కాటా వేశాను, 6 కిలోల 100 గ్రాములు. అటక మీద పెట్టి మూడు వారాల తర్వాత తూస్తే 5 కిలోల 600. అరకిలో నీళ్లకి కూడా లారీ చార్జీ కట్టానన్నమాట. ఈలోపు నీలం రంగు చిట్లింది. గీకి చూస్తే లోపల రంపం పొట్టు, జిగురు కలిపి నింపిన బీటలు! పొడుగైనది తొమ్మిది అంగుళాలు. అంటే పగిలాక రంగేశారు.

ఇంకొకటి. చెట్టు దుంగను వెడ్జ్‌లు (ఏటవాలుగా ఉండే లావు మేకులు) కొట్టి చీల్చాలి, అప్పుడు కర్ర దాని నార వెంట విడిపోతుంది. నాకు పంపింది సా మిల్లులో తిన్నగా కోసింది. విల్లుకి బాణం వెళ్లే వైపు, అంటే వీపు వైపు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకే వలయం (చెట్టు ఏడాదికొకటి చొప్పున వేసే పొర) ఉండాలి. పైన తెల్లటి చెక్కంతా తీసేసి, చేవలో మందంగా ఉన్న ఒక్క వలయాన్ని పట్టుకుని ఎక్కడా తెగకుండా చెక్కుకుంటూ వెళ్లడమే ఈ కర్రతో అసలు పని. నా కర్రలో వలయాలు మధ్యలోనే అంచుకి వెళ్లి తెగిపోయాయి. వంచితే అక్కడే లేస్తుంది. పైగా లోకస్ట్ సాగడానికి గట్టిది, నొక్కుడుకి అంత ఓర్చదు. తడి ఉండగా వంచితే వంగినది వంగినట్టే ఉండిపోతుంది, లోపలి వైపు అడ్డంగా సన్నటి ముడతలు పడతాయి. ఒకసారి పడితే ఇక అంతే.

ఇప్పటికే పచ్చి కర్ర తెచ్చుకున్నవాళ్లకి: బెరడు, తెల్ల చెక్క తీసేశాక చివర్లతో పాటు వీపుకి కూడా జిగురు పూయండి. నీడలో, నేలకి తగలకుండా పెట్టి వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగినా సరిపోదు. విల్లుకి తడి 8–10 శాతానికి దిగాలి, మన సముద్రపు గాలిలో అది ఎప్పటికీ అంత దిగదు. అప్పుడు చెక్కపెట్టెలో కోడిపిల్లలకి పెట్టే పాత బల్బు వేసి ఆరబెట్టాలి (ఎల్‌ఈడీ వేస్తే వెలుగే గానీ వేడి రాదు). పచ్చిగా ఉండగానే తొందరపడి బల్బు పెట్టారో, బీటలు ఖాయం.

అమ్మినాయనకి ఫోటోలు పంపాను. “సహజమైన కర్ర సార్, పగుళ్లు సహజమే” అన్నాడు. రిటర్న్ అడిగాక మెసేజ్ చూస్తున్నాడు గానీ జవాబు లేదు. కొనబోయేవాళ్లు చివర రంగు గీకిన ఫోటో, కాటా మీద పెట్టిన ఫోటో, వీపు వైపు వలయాలు కనిపించే ఫోటో అడగండి. నీలం చివర్లతో పచ్చ టార్పాలిన్ మీద పెట్టిన కర్ర ఫోటో వస్తే మాత్రం అది నేను చూసిందే.

నా కర్రలో బీటల్లేని ముక్క మూడడుగులు మిగిలింది. దాంతో మేస్త్రి పారకి పిడి వేసిపెడతానన్నారు.